క్లీన్ టైటిల్ వెనక బురద

హ్యూస్టన్ చుట్టుపక్కల పెద్ద వాన వెలిసిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు ఖాయం. మొదటిది మర్నాడే వస్తుంది: ‘ట్రక్కు నీళ్లలోంచి తెచ్చాను, బాగానే నడుస్తోంది, ఎక్కడైనా చూపించుకోవాలా?’ రెండోది రెండు మూడు నెలలు ఆగి వస్తుంది: ‘పికప్ అమ్మకానికి ఉంది. క్లీన్ టైటిల్, ఒక్కరే ఓనర్, అర్జెంటు.’ ఈ రెండూ ప్రతిసారీ ఒకే బండి గురించి అని నేననను. కానీ కొన్నిసార్లు ఒకే బండి గురించే. అలాంటి బండి చివరికి చేరేది చాలాసార్లు ఆగస్టులో విమానం దిగి, బస్సులు సరిగా లేని ఊళ్లో క్లాసుకు ఎలా వెళ్లాలో తెలియక సతమతమయ్యే మన పిల్లల చేతికి.

ఇక్కడ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఏటా ఆ ఆరు నెలలూ మనకు గుర్తొచ్చే పేరు హార్వీ. 2017 ఆగస్టు 25న రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటి, నాలుగైదు రోజులు కదలకుండా కురిసింది. నెదర్లాండ్ అనే ఊళ్లో 60 అంగుళాలకు పైగా వాన నమోదైంది. హారిస్ కౌంటీలోనే లక్షన్నరకు పైగా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు నిండి ఎగువన కేటీ వైపు కాలనీలు, గేట్లు ఎత్తాక దిగువన ఇంకొన్ని కాలనీలు మునిగాయి. మనవాళ్లు బోలెడు మంది ఉండే ప్రాంతాలే ఇవి. ఇళ్ల లెక్క అందరికీ గుర్తుంది. బండ్ల లెక్క ఎవరికీ గుర్తులేదు. మునిగిన వాహనాలు 3 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటాయని అప్పట్లో అంచనా వేశారు. అన్ని బండ్లూ తుక్కు కింద పోలేదు. 2024లో హెలీన్, మిల్టన్ వచ్చినప్పుడు ఫ్లోరిడా, కరొలైనాల్లోనూ ఇదే కథ. ఒక రాష్ట్రంలో మునిగిన బండి ఇంకో రాష్ట్రంలో తళతళలాడుతూ అమ్మకానికి నిలబడటం ఈ దేశంలో పాత వ్యాపారమే.

ట్రక్కుల సంగతి ప్రత్యేకంగా ఎందుకు అంటే, టెక్సస్‌లో ఏళ్లు గడిచేకొద్దీ మనవాళ్ల డ్రైవ్‌వేల్లో సెడాన్ పక్కన పికప్ చేరుతోంది. తోటకు మట్టి తేవడానికో, పిల్లల క్రికెట్ సామాను మోయడానికో, అందరికీ ఉందనో. అందులో కూర్చుంటే రోడ్డు కింద ఎక్కడో కనిపిస్తుంది. ఆ ఎత్తే కొంప ముంచుతుంది. ఇక్కడి వాతావరణ శాఖ ఏళ్ల తరబడి చెబుతున్న లెక్క ఇది: పారే నీళ్లు 6 అంగుళాలుంటే మనిషిని పడేస్తాయి, 12 అంగుళాలు చిన్న కారును తోసుకుపోతాయి, 2 అడుగులు చాలు పికప్‌లను, ఎస్‌యూవీలను కూడా తేల్చేస్తాయి. వరదల్లో మునిగి చనిపోయేవాళ్లలో సగానికి పైగా బండితో నీళ్లలోకి దిగినవాళ్లే. 2025 జూలై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నది పొంగినప్పుడు సెంట్రల్ టెక్సస్‌లో 130 మందికి పైగా చనిపోయారు. కాబట్టి ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా తప్పనిసరై నీళ్లు దాటి వచ్చేసినవాళ్ల కోసం, లేదా నిలబెట్టిన చోటే బండి మునిగినవాళ్ల కోసం. ‘ఎన్ని అంగుళాల దాకా పోనివ్వొచ్చు’ అని అడిగేవాళ్ల కోసం కాదు.

నిలబెట్టిన చోట మునిగిన ట్రక్కుకు మొదటి నియమం: స్టార్ట్ చేయకూడదు. ‘ఒక్కసారి చూద్దాం’ అని కూడా చేయకూడదు. సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. ఆ ఒత్తిడంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగిపోతుంది, కొన్నిసార్లు ఇంజిన్ బ్లాకునే పగలగొట్టుకుని బయటికొస్తుంది. నీళ్లు తోడితే బతికే ఇంజిన్ ఒక్క తాళం తిప్పుడుతో పోతుంది. వీలైతే బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. హైబ్రిడ్ అయినా, ఎలక్ట్రిక్ అయినా చేయి పెట్టకండి. ఆరెంజ్ రంగు కేబుళ్ల జోలికి అసలు పోకండి. ఉప్పునీటిలో మునిగిన ఎలక్ట్రిక్ బండ్లు రోజుల తర్వాత కూడా అంటుకున్న సంఘటనలు 2022లో ఇయాన్ తుఫాను తర్వాత ఫ్లోరిడాలో జరిగాయి. అలాంటి బండిని గరాజ్‌లో పెట్టకుండా ఇంటికీ ఇతర బండ్లకూ 50 అడుగుల దూరంలో ఉంచమంటారు. అది సర్వీసు వాళ్లు చూడాల్సిన పని.

నడిపి తెచ్చిన ట్రక్కు సంగతి వేరు. అది బాగానే నడుస్తుంది. అసలు తిప్పలంతా అక్కడే. ఇంజిన్‌లోకి నీళ్లు పోతే ఆ నిమిషమే తెలుస్తుంది. ఆక్సిల్‌లోకి పోతే నెలల తర్వాత తెలుస్తుంది.

దీని వెనక ఉన్నది మన వంటింటి సైన్సే. వేడి గ్లాసు బోర్లించి నీళ్ల పళ్లెంలో పెడితే, చల్లారేకొద్దీ గ్లాసు నీళ్లను పైకి పీల్చుకుంటుంది. ఫ్రీవే మీద అరగంట నడిచిన ట్రక్కు వెనక డిఫరెన్షియల్ ఆ గ్లాసు లాంటిదే. కాగిన ఇనుప డబ్బా ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునుగుతుంది. లోపలి గాలి ముడుచుకుంటుంది. ఊపిరి తీసుకోవడానికి పైకి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. అది బురదతో మూసుకుపోయినా, ఎండకు పగిలినా, ఆ ఊపిరి సీళ్ల సందుల్లోంచి నీటి రూపంలో లోపలికి పోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు కూడా ఇలాంటి డబ్బాలే. ఆ నీళ్లు గేర్ ఆయిల్‌తో కలిసి బేరింగులను మెల్లగా తినేస్తాయి. రెండు నెలల తర్వాత ‘గూ’ మని ఒక మోత మొదలవుతుంది. అప్పటికి వాన సంగతి ఎవరికీ గుర్తుండదు.

బెరిల్ తుఫాను 2024 జూలైలో వచ్చి కరెంటు లేని వారం మిగిల్చినప్పుడు, మా సబ్‌డివిజన్‌లో ఉండే ఒక పెద్దాయన పికప్‌ను ఇలాగే చూశాం. ఫీడర్ రోడ్డు మీద నిలిచిన నీళ్లు చక్రం మధ్య దాకా వచ్చాయట. ‘అన్నగారూ, కిందికి దూరి చూద్దామా?’ అంటే, ‘ఇంజిన్ సాఫీగా ఉంది కదా తమ్ముడూ, ఇంకెందుకు?’ అన్నారు. ముందు పైవి చూశాం. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిస్తే ఫిల్టర్ పొడిగా ఉంది, పెట్టె అడుగున మట్టి చార లేదు. అంటే ఇంజిన్ నీళ్లు పీల్చలేదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ రంగు, మట్టం రెండూ మామూలే. నీళ్లు కలిస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటుంది, మట్టం కూడా గీత దాటి పైకొస్తుంది. ఇక వెనక డిఫరెన్షియల్ దగ్గర ఆయిల్ పోసే ప్లగ్ విప్పి, చిన్న పంపుతో కాస్త బయటికి లాగాం. తేనె రంగులో రావాల్సింది బూడిద రంగు మజ్జిగలా వచ్చింది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే పాత ఆయిల్ మొత్తం తీసేసి, మూత విప్పి తుడిచి, కొత్తది పోశారు. వారం నడిపాక మళ్లీ మార్చారు, ఎందుకంటే మూలల్లో దాగిన నీళ్లు మొదటి మార్పుతో పూర్తిగా రావు. ఇది మెకానిక్ చేసినా వంద, రెండొందల డాలర్ల పని. వదిలేస్తే ఆక్సిల్ మొత్తం విప్పి బాగుచేయాలి, లెక్క వేలల్లోకి పోతుంది. సొంతంగా చేసేవాళ్లకు ఒక మాట: కింది డ్రెయిన్ ప్లగ్ కన్నా ముందు, పోసే ప్లగ్ విప్పండి. అది తుప్పు పట్టి రాకపోతే, ఆయిల్ మొత్తం కారిపోయిన బండి డ్రైవ్‌వేలో కూర్చుంటుంది.

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ విషయంలో ఇంత తేలిగ్గా బయటపడలేం. చాలా కొత్త ట్రక్కులకు దాన్ని చూసుకోవడానికి డిప్‌స్టిక్కే ఉండదు, లిఫ్ట్ ఎక్కించాల్సిందే. ఎర్రటి ఫ్లూయిడ్ స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా గులాబీ రంగుకు తిరిగిందంటే నీళ్లు చేరినట్టే. లోపలి క్లచ్ ప్లేట్ల మీది పొరను పట్టి ఉంచే జిగురు నీళ్లకు ఊడొస్తుంది. ఫ్లూయిడ్ మార్చినంత మాత్రాన అది తిరిగి అతుక్కోదు.

ఇక క్యాబిన్. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నా భయమంతా ఇక్కడే. ఈ కాలం ట్రక్కు అంటే చక్రాల మీద నడిచే కంప్యూటర్ల నెట్‌వర్కు. ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టె చాలా బండ్లలో రెండు సీట్ల మధ్య కన్సోల్ కింద, నేలను ఆనుకుని ఉంటుంది. సీట్ల కింద వైర్ల కనెక్టర్లుంటాయి. తలుపు సందులోంచి రెండంగుళాల నీళ్లు వచ్చినా ముందు తడిసేది అవే. పైన కార్పెట్ ఒక్క రోజులో ఆరిపోతుంది. కింద ఉన్న దళసరి మెత్త స్పాంజిలా నెల రోజులు తేమను పట్టి ఉంచుతుంది. 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టడానికి ఇంకొన్ని వారాలు. ఆ తర్వాత ఒక రోజు డాష్‌బోర్డు మీద సంబంధం లేని లైట్లు వెలుగుతాయి, మర్నాడు ఆరిపోతాయి. మన భాషలో చెప్పాలంటే, టెస్టింగ్‌లో దొరకని బగ్గు. అందుకే నీళ్లు లోపలికి వచ్చిన అనుమానం ఉంటే అంచు ప్లాస్టిక్ ఊడదీసి, కార్పెట్ ఎత్తి, కిందకు చేయి పెట్టి చూడాలి. తడిగా ఉంటే సీట్లు విప్పి ఆరబెట్టాలి. అగరొత్తులు, ఎయిర్ ఫ్రెషనర్లు మందు కాదు.

ఉప్పునీరా, మంచినీరా అన్నది కూడా తేడానే. తీరం నుంచి ఎగదన్నిన సముద్రపు నీరు తగిలితే వైరింగ్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. కేటీలో నిలిచిన వాన నీరు కాస్త నయం, అందులో డ్రైనేజీ కలిసి ఉంటుందన్న సంగతి మరిచిపోకపోతే.

ఇంతవరకూ బండి గురించి. ఇప్పుడు డబ్బు గురించి, ఎందుకంటే బురద దాచిపెట్టే బుద్ధి అక్కడే పుడుతుంది.

వరదలో బండి పాడైతే ఆదుకునేది కాంప్రహెన్సివ్ కవరేజీ ఒక్కటే. లయబిలిటీ అవతలివాడి నష్టానికి, కొలిజన్ గుద్దుకున్నదానికి. ఇంటి ఇన్సూరెన్స్ బండికి రాదు. ఫెడరల్ ఫ్లడ్ ఇన్సూరెన్స్ కూడా బండికి రాదు. లోన్ ఉన్నన్నాళ్లూ బ్యాంకు పట్టుబట్టి ఫుల్ కవరేజీ ఉంచుతుంది. లోన్ తీరిన నెలలోనే మనలో చాలామంది చేసే పని ప్రీమియం తగ్గించడం. కొలిజన్‌తో పాటు కాంప్రహెన్సివ్ కూడా ఎగిరిపోతుంది. చాలా కంపెనీల్లో కొలిజన్ తీసేసి కాంప్రహెన్సివ్ మాత్రం ఉంచుకోవచ్చు. రెండింట్లో చవకైనది సాధారణంగా అదే. తుఫాను గల్ఫ్‌లోకి వచ్చాక తీసుకుందామంటే కుదరదు, ఆ రోజుల్లో కంపెనీలు కొత్త కవరేజీ ఆపేస్తాయి.

ప్రభుత్వ విపత్తుగా ప్రకటిస్తే ఫెమా సాయం కొన్ని సందర్భాల్లో బండికీ వర్తిస్తుంది. అయితే ఆ నగదు సాయానికి హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు తమ పేరున అర్హులు కారు. గ్రీన్‌కార్డు ఉండాలి, లేదా ఇక్కడే పుట్టి పౌరసత్వం ఉన్న మైనరు బిడ్డ ఇంట్లో ఉంటే ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేయొచ్చు. ఈ సంగతి తెలియక వదిలేసుకున్న కుటుంబాలున్నాయి.

ఇప్పుడు అసలు మెలికకు వద్దాం. కాంప్రహెన్సివ్ ఉన్నవాడు క్లెయిమ్ చేస్తాడు. కంపెనీ బండిని టోటల్ లాస్ అంటే, ఆ వివరం ఎన్‌ఎమ్‌వీటీఐఎస్ అనే జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థకు చేరుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు, తుక్కు యార్డులు అక్కడికి నెలనెలా రిపోర్టు చేయాలన్న నిబంధన 2009 నుంచి అమల్లో ఉంది. టైటిల్ మీద సాల్వేజ్ అనో, ఫ్లడ్ అనో ముద్ర పడుతుంది. ఏ రాష్ట్రంలో ఎంత నష్టానికి ముద్ర వేయాలన్నది ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క. ఆ సందుల్లోంచి బండిని తిప్పి ముద్ర చెరిపేయడాన్నే ఇక్కడ టైటిల్ వాషింగ్ అంటారు. పత్రికలన్నీ దీని గురించే రాస్తాయి. నన్నడిగితే మన గ్రూపులకు సంబంధించినంత వరకూ అంతకన్నా పెద్ద కన్నం వేరే ఉంది. కాంప్రహెన్సివ్ లేనివాడు క్లెయిమే చేయడు. క్లెయిమ్ లేదు కాబట్టి రిపోర్టు లేదు. రిపోర్టు లేదు కాబట్టి టైటిల్ క్లీన్. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. బండి మాత్రం నిలువునా తడిసింది.

మోసాలన్నీ డీలర్ల దగ్గరే జరుగుతాయనే నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. డీలరు అయితే ఫెడరల్ నిబంధన ప్రకారం బండి అద్దం మీద బయ్యర్స్ గైడ్ అంటించాలి, వారంటీ ఉందో, ఉన్నదున్నట్టు అమ్ముతున్నాడో అందులో రాయాలి. ఏడాదికి ఒకటీ రెండూ సొంత బండ్లు అమ్ముకునే మామూలు మనిషికి ఆ నిబంధన కూడా లేదు. ‘మన తెలుగువాడే కదా’ అన్న నమ్మకమే అక్కడ వారంటీ.

గత ఏడాది నలుగురు ఎంఎస్ కుర్రాళ్లు డబ్బులు పోగేసి 7,500 డాలర్లకు ఒక పాత నాలుగు తలుపుల పికప్ కొన్నారు. ఐదు వారాలకు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరడం మానేసింది. నా దగ్గరికి తెచ్చారు. ‘హిస్టరీ రిపోర్టు తీశాం అన్నా, ఒక్క మచ్చ లేదు’ అని ఫోన్లో చూపించాడు ఒకడు. వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగమన్నాను. మామూలుగా ఎవరూ అంత లాగరు. మొదటి రెండడుగులు నల్లగా, శుభ్రంగా ఉంది. ఆ తర్వాత మట్టి రంగు గీత, దాని కింద అంతా గోధుమ రంగు మరక. ఆ గీత బండిలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చెబుతుంది. ‘అమ్మినాయన మనూరాయనే అన్నా, వాళ్లావిడ టీ కూడా ఇచ్చింది’ అన్నాడు ఇంకొకడు. ఆ ఎయిర్‌బ్యాగులు ప్రమాదంలో తెరుచుకుంటాయో లేదో ఎవరూ చెప్పలేని బండిలో నలుగురూ నెల రోజులు ఫ్రీవే మీద తిరిగారు. నన్ను కలవరపెట్టింది పోయిన డబ్బు కన్నా ఇదే.

తెలిసి దాచాడని నిరూపించగలిగితే టెక్సస్ జస్టిస్ కోర్టులో 20 వేల డాలర్ల దాకా దావా వేసే వీలుంది. లాయరు లేకుండా కూడా వేయొచ్చు. ఆ కుర్రాళ్లు వేయలేదు. సెమిస్టరు పరీక్షలు, వీసా భయాలు, పైగా ‘అంకుల్ మీద కేసేంటన్నా’ అన్న మొహమాటం. ఇలాంటివాళ్లు కేసు వేయరన్న ధీమా కూడా అమ్మేవాళ్ల ధరలో కలిసే ఉంటుంది.

గ్రూపులు నడిపే అడ్మిన్లు, సంఘాల పెద్దలు తలచుకుంటే సగం ఆపొచ్చని నా అభిప్రాయం. అమ్మకం పోస్టుతో పాటు మూడు విషయాలు రాయాలని నియమం పెట్టండి: బండి ఎప్పుడైనా నీళ్లలో నిలబడిందా, ఏ తుఫాను సమయంలో ఏ ఊళ్లో ఉంది, కొనేవాడు తన మెకానిక్‌తో చూపించుకోవడానికి ఒప్పుకుంటారా. విన్ నంబరు పెట్టనివ్వండి. రాతపూర్వకంగా ‘నీళ్లు తగల్లేదు’ అని రాయాల్సి వచ్చినప్పుడు చేయి కాస్త తడబడుతుంది. నీళ్లు తగిలి, డిఫరెన్షియల్ ఆయిల్ మార్చి, రసీదులు దాచుకున్న బండిని ఆ మాట చెప్పే అమ్మొచ్చు. ధర కొంచెం తగ్గుతుంది, అంతే. పైన చెప్పిన పెద్దాయన తన పికప్‌ను అలాగే, రసీదులతో సహా అమ్మారు. కొన్నవాళ్లు సంతోషంగానే తీసుకెళ్లారు.

మన ఊళ్లలో అమ్మానాన్నలకూ ఇందులో ఒక ముక్క చేరవేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్లు తీయగానే కార్లు స్టార్ట్ చేసి చూసినవాళ్లున్నారు. అక్కడి మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ వరద నష్టాన్ని భరిస్తుంది. తడిసిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టానికి మాత్రం ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు లేకపోతే సాధారణంగా ఒప్పుకోరు. తాళం ముట్టుకోకుండా టో చేయించమనండి.

ఇక్కడ కొనబోయే పిల్లలకు. విన్ నంబరును ఎన్‌ఐసీబీ వారి విన్‌చెక్‌లో ఉచితంగా చూడండి, ఎన్‌ఎమ్‌వీటీఐఎస్ రిపోర్టు కొద్ది డాలర్లకు వస్తుంది. రెండూ చూడండి, రెండింట్లో ఏమీ లేకపోతే ఏమీ తేలలేదనుకోండి. తర్వాత పగటి వెలుతురులో బండి దగ్గరికి వెళ్లండి. నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా లాగండి. సీటు కింద బోల్టుల తుప్పు చూడండి. కొత్త బండికి కొత్త కార్పెట్ ఉండటం సహజం, పన్నెండేళ్ల ట్రక్కుకు కొత్త కార్పెట్ ఉంటే ఎందుకని అడగండి. హెడ్‌లైట్ల లోపల నీటి ఆవిరి, డాష్‌బోర్డు అడుగున ఎవరూ తుడవని చోట ఎండిన మట్టి, ఏసీ వేయగానే వచ్చే ముతక వాసన గమనించండి. చివరగా, మీరు ఎంచుకున్న మెకానిక్ దగ్గర వంద, రెండొందల డాలర్లు పెట్టి లిఫ్ట్ ఎక్కించి, డిఫరెన్షియల్ ప్లగ్ విప్పించండి. దానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే టీ తాగి, థాంక్స్ చెప్పి వచ్చేయండి.